మైకమ్మ ఎడమచెయ్యి

మా అన్నయ్య చేతులు చేస్తాడు. కాళ్ళు కూడా చేస్తాడు కానీ, పేరొచ్చింది చేతులకే. ప్రమాదాల్లో చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళకి గోళ్ళూ, నరాలూ, కణుపుల దగ్గర ముడతలతో సహా రబ్బరుతో పోతపోసి ఇస్తాడు. దాన్ని బిగించుకునే తోలుపట్టీలు కుట్టేది నేను. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి మా ఇంటికి పోతాను. వదిన చనిపోయినప్పటి నుంచీ, నేను వెళ్ళాక మిగతా పొద్దంతా అన్నయ్య ఒక్కడే. ఏం అడిగినా ఊఁ, ఆఁ తప్ప మాట పెగలదు. "నోట్లో కూడా రబ్బరు పోసుకున్నావా?" అని తిడుతుంటాను. దానికీ నవ్వడు.

అలాంటివాడి చేత మాట్లాడించిన మనిషి ఒక్కతే, మైకమ్మ. మా వర్క్‌షాపుకి ఎదురుగా బస్టాండు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పేది ఆవిడే. వయసులో ఉండగానే మిషన్లో పడి ఎడమచెయ్యి మోచేతి కిందనుంచి పోయింది. పట్టీ వదులైందని వచ్చి కిటికీ పక్కనున్న స్టూలు మీద కూర్చుందంటే, ఇద్దరికీ లోకం పట్టేది కాదు. మోకాళ్ళ నొప్పులు, ఆవిడ చెల్లెలి కాపురం, మా వదిన ఆఖరి రోజులు, అన్నీ మాట్లాడుకునేవారు. పక్కనున్న నేను కూరలో కరివేపాకుని. ఆవిడ వెళ్ళిపోయాక కూడా మైకులో గొంతు వినిపిస్తే చాలు, అన్నయ్య రేడియో తగ్గించేవాడు. ఏ ఊరికీ వెళ్ళనివాడికి బస్సులతో ఏం పని అంటే పలికేవాడు కాదు.

ఒక్క సంగతి మాత్రం ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. మైకమ్మ నల్లజాతి మనిషి. మేము కాదు. "నాకు జాతులు తెలీవు, చేతులే తెలుసు" అని అన్నయ్య గర్వంగా అనేవాడు. నేనూ నిజమే అనుకున్నాను.

పోయిన ఏడాది, రబ్బరు చెయ్యి చిరిగిందని వచ్చింది. ఆ నెలాఖరుకి రిటైరవుతోందట. స్టేజీ మీద సన్మానం చేసి ఫోటో తీస్తారట. ఎప్పట్లాగే శాలువా అంచు ఎడమచేతి మీద కప్పుకుని ఉంది.

"ఇంత చక్కగా చేసిన చేతిని దాచుకుంటారేంటండీ? ఫోటోలోనైనా కనపడనివ్వండి," అన్నాడు అన్నయ్య.

ఆవిడ శాలువా తీసేసి, ఆ చేతిని అన్నయ్య చేతి పక్కన ఆనించింది. "చూడండి. ఈ రెంటికీ ఏమన్నా తేడా ఉందా?"

లేదు. అచ్చుగుద్దినట్టు ఒకటే రంగు. మా దగ్గరున్న రంగు డబ్బా ఒక్కటే. పని నేర్పిన గురువుగారి కాలం నుంచీ దాన్ని స్కిన్‌కలర్ డబ్బా అనే పిలుస్తాం. ఎవరి స్కిన్ అని మేమెవరమూ అడగలేదు.

"ఇన్నేళ్ళుగా మీ చెయ్యి తగిలించుకుని తిరుగుతున్నాను," అంది మైకమ్మ. "చెయ్యి పోయిందని సిగ్గుపడి కాదు దాచేది. బస్సులో పిల్లలు అడుగుతారు, ఇదెవరి చెయ్యి అని. ఈసారి నాది నాకు చెయ్యండి."

"నాకు రంగులు కనపడవండీ. నాకు అందరూ ఒకటే."

"కనపడకపోతే ప్రతిసారీ సరిగ్గా మీ రంగే ఎలా వస్తుంది?"

అన్నయ్య మొహం మాడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. "మా అన్నయ్య బంగారం! ఆయన్ని పట్టుకుని ఇన్ని మాటలా?" అన్నాను.

"బంగారమే. నేను కాదన్నానా? అందుకే ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకున్నాను. చెబితే నొచ్చుకుంటారు. నొచ్చుకున్నవాళ్ళని మళ్ళీ నేనే ఊరడించాలి. ఇక ఆ ఓపిక లేదమ్మా నాకు."

అన్నయ్య ఆవిడ వైపు చూడకుండా, "అంత కష్టంగా ఉంటే ఇంకెక్కడైనా చేయించుకోండి," అన్నాడు.

మైకమ్మ ఆ చిరిగిన చేతిని బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయింది.

మనిషి రావడం మానేసింది గానీ, గొంతు ఎక్కడికి పోతుంది? రోడ్డవతల నుంచి రోజంతా వినపడుతూనే ఉండేది. అన్నయ్య రేడియో పెట్టడమే మానేశాడు. నేను తెచ్చిన అన్నం డబ్బా మూత తీయకుండా అలాగే ఉండేది. ఒక పొద్దున వచ్చి చూస్తే కిటికీలో రబ్బరు ముక్కలు ఆరుతున్నాయి. గోధుమరంగు, ముదురు గోధుమ, ఎరుపు కలిసిన నలుపు.

"ఆవిడ చెయ్యి ఏ రంగులో ఉంటుందే?" అన్నాడు.

"నల్లగా ఉంటుంది. ఇంకే రంగులో ఉంటుంది!"

"నలుపంటే ఏ నలుపు?"

నాకు తెలీలేదు. పట్టీ కుట్టడానికి ఆ మోచేతిని నేనెన్నోసార్లు కొలిచాను. ఆయన ఎన్నోసార్లు పట్టుకున్నాడు. ఇద్దరిలో ఒక్కరికీ గుర్తులేదు. నాకు భలే సిగ్గేసింది.

"వెళ్ళి చూసి రా. రోడ్డు దాటితే అరిగిపోతావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహం పెట్టుకునే వెళ్ళు!" అన్నాను. రేపు ఆవిడ రిటైరైతే ఆ గొంతు కూడా వినపడదు. ఆ మాట నేను అనలేదు, ఆయనకి తెలుసు.

రబ్బరు ముక్కలు జేబులో వేసుకుని వెళ్ళాడు. నేను కుట్టుకుంటూ ఉంటే, మైకులో బస్సు సంగతి సగంలో ఆగి, అన్నయ్య గొంతు వినపడింది. ఆవిడ మైకు ఆపడం మరిచిపోయిందో, కావాలనే ఆపలేదో.

"మీ చెయ్యి రంగు నాకు గుర్తులేదండీ. ఇన్నేళ్ళు పట్టుకున్నాను గానీ చూడలేదు. చూస్తే ఆ మాట మాట్లాడాలి. మాట్లాడితే మీరు రావడం మానేస్తారని భయం."

మైకు గరగరమంది. తర్వాత మైకమ్మ: "సరే, ఇప్పుడు చూడండి."

రబ్బరు ముక్కలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెడుతున్న చప్పుడు వినపడింది.

"ఇవేవీ కాదండీ," అన్నాడు అన్నయ్య.

"సన్మానానికి అందుతుందా?"

"అందదు."

"పోనీలెండి. నిజం చెప్పారు," అంది. తర్వాత సగంలో ఆపిన బస్సు సంగతి మొదటినుంచీ చెప్పింది.

ఫోటోలో ఆవిడ ఎడమవైపు ఖాళీ చొక్కాచెయ్యే ఉంది.

కొత్త చెయ్యి తయారయ్యాక వచ్చి, కుడిచెయ్యి పక్కన పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. "ఇది నాది," అంది. నేను కొత్త పట్టీ బిగించాను. శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది. స్టూలు వైపు చూసింది గానీ కూర్చోలేదు. చెల్లెలి ఊరికి మారిపోతోందట, బస్సుకి టైమైందట.

"కోపం పోయిందా?" అన్నాడు అన్నయ్య గుమ్మం దగ్గర.

"సగం. మిగతా సగం పోవాలంటే ఇలాంటివి ఇంకా చాలా మాట్లాడుకోవాలి. పట్టీ వదులైనప్పుడు వస్తానుగా."

ఇప్పుడు బస్టాండులో రికార్డు చేసిన గొంతు వస్తోంది. అయినా అన్నయ్య రేడియో తగ్గిస్తాడు. మొన్న ఉన్నట్టుండి అడిగాడు: "ఆ పట్టీకి నువ్వు వేసింది రెండు వరసల కుట్టా?"

"అవును."

"ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"నా కుట్టు వదులవడమా! మనం పోయినా..." అని ఎప్పట్లా గొప్పలు పోబోయి, స్టూలు మీది దుమ్ము చూసి నోరు మూసుకున్నాను.