కాలువలు కట్టేసిన నెలలో తవ్విన గొయ్యి

తొంభైల్లో రామచంద్రపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఇంధనాల పాఠమంటే నాకు హుషారు. ఊక సగం సగం కాలి పొగవుతుందని, పేడ గాలి తగలకుండా మురిగితే మీథేన్ పుట్టి నీలిమంటతో మండుతుందని, అన్నిటికన్నా శుభ్రమైనది హైడ్రోజనని, అది మండితే మిగిలేది నీళ్ళేనని చెప్పేవాణ్ణి. ఇంటికొస్తే నా భార్య ఊకపొయ్యి ముందు కళ్ళు తుడుచుకుంటూ కనిపించేది.

ఆ సిగ్గుతోనే గోబర్ గ్యాస్ కట్టించాలనుకున్నాను. ఇంట్లో రెండు గేదెలుండేవి. వేసవి సెలవుల్లో, కాలువలు కట్టేసి నూతుల్లో నీళ్ళు అడుక్కి దిగిన నెలలో, పెరట్లో గొయ్యి తీయించాను.

"కాలవ వదిలాక ఊట ఎందాకా వస్తదో చూసి తవ్వుదామండి మాస్టారూ," అన్నాడు తాపీమేస్త్రి.

"కొలతలు పుస్తకంలో ఉన్నాయి. నువ్వు గోడ సంగతి చూడు," అన్నాను.

పుస్తకంలోని లోతుకే కట్టించాక, మొదటి మంట మీద నా భార్య పాలు కాచింది. గిన్నె తిరగేసి, అడుగున వేలితో రాసి చూసుకుంది. "మసి లేదండీ!"

కాలువలు వదిలిన కొన్నాళ్ళకే మంట చిన్నదవుతూ వచ్చి ఆరిపోయింది. ఇరుగుపొరుగు అడిగితే, "పేడకి సమానంగా నీళ్ళు కలపమన్నాను. ఈవిడ చెయ్యి ఆగితేగా!" అన్నాను, ఆమె వింటుండగానే. మర్నాటి నుంచి ఆమె బకెట్‌తో కొలిచి కలిపింది. మంట రాలేదు. మళ్ళీ ఊకపొయ్యి రాజేసుకుంది.

మేస్త్రి వచ్చి లోపలికి వెదురుగడ దింపి చూశాడు.

"గోడ బీట తీసిందండి. ఊటంతా లోపలికే. హైడ్రోజన్ మండితే నీళ్ళు మిగుల్తాయని మా అమ్మాయికి చెప్పారంట. మనకి మండకుండానే మిగిలాయండి!"

నా భార్య నవ్వలేదు. "అయితే తప్పు నా చేతిది కాదన్నమాట," అంది.

అవునంటే సరిపోయేది. "చూద్దాంలే," అన్నాను.

మరుసటేడు మేస్త్రి చెప్పినట్టే లోతు తగ్గించి మళ్ళీ కట్టించాను. మంట నిలిచింది. చూడ్డానికొచ్చిన పక్కింటావిడ, "ఈసారైనా నీళ్ళు తగ్గించావా వదినా?" అంది.

అరుగు మీద పేపరు చదువుతున్న నా వైపు ఆమె ఒకసారి చూసింది. నేను పేజీ తిప్పాను.

"తగ్గించానమ్మా," అంది.

మా వీధిలో ఇప్పటికీ అదే అనుకుంటారు.