చీటీలు ఊడిన రాళ్ళు

మా పైవాటాలో టైల్స్ మేస్త్రి కూతురి గోళ్ళలో ఎప్పుడూ రాతిపొడి ఉంటుంది. జారే కళ్ళజోడును మోచేత్తో ఎగదోసుకుంటూ, మెట్లమీద పన్నెండు రాళ్ళు పేర్చుకుని పేర్లు వల్లిస్తుంటుంది. భూగర్భశాస్త్రం ల్యాబు పరీక్షట. కిందటిసారి తెల్లగా కనబడ్డదల్లా స్ఫటికమని రాసి తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది పోయినట్టే. అందుకని ప్రతి రాయికీ పేరు రాసిన చీటీ అంటించుకుంది.

పరీక్ష రేపనగా, పొద్దున్నే వాళ్ళమ్మ రాళ్ళకు దుమ్ము పట్టిందని బకెట్లో వేసి తోమేసింది. చీటీలన్నీ నీళ్ళలో తేలాయి. "నా కొంప ముంచావు కదే అమ్మా!" అని పిల్ల ఏడుపు లంకించుకుంది. "మురికిగా ఉన్నాయని కడిగానే తల్లీ," అంది ఆవిడ బిక్కమొహంతో. మేస్త్రి పగిలిన టైలు ముక్క తెచ్చి, గరుకువైపు పైకి పెట్టాడు. పిల్ల ముక్కు చీది, ఒక్కో రాయినీ దానిమీద గీసి గీత రంగు చూసింది, మేకుతో గీకి గట్టితనం చూసింది. తెల్లటి రాళ్ళు రెండింటిలో ఒకదాన్నుంచి పొడి రాలింది. ఆ పొడిమీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది. "ఇది కాల్సైటు నాన్నా! మేకు దిగనిది స్ఫటికం. కిందటిసారి నన్ను తిప్పలు పెట్టింది ఇవే!" పన్నెండూ తేల్చేసింది.

తల్లి చీటీలు ఆరబెట్టి జిగురు తెస్తే, "ఇంకా అవెందుకే?" అని పిల్ల నవ్వింది. మేస్త్రి మాత్రం ఆ గీతల టైలు ముక్క పట్టుకుని వాటావాటాకీ తిరిగి చూపించాడు. పరీక్ష రేపు కదయ్యా అంటే, "మాకు ఇవాళే పాసయిందండీ," అన్నాడు.