ఆ పొట్టి కేబుల్ ఎంచుకున్నది నేను

ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. మాదాపూర్ తొలి రోజుల గురించి ఎవరెవరినో అడుగుతారు. అప్పుడక్కడ బండలు తప్ప ఏమీ లేవని, మధ్యాహ్నం బండలు పేలుస్తుంటే టీ కప్పులు గలగలలాడేవని ప్రతివాడూ చెబుతాడు, విన్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. నేను మొదలుపెడితే మాత్రం "ఆ కేబుల్ సంగతేగా" అని నవ్వి పక్కకు తిరుగుతారు. అవును, ఆ కేబుల్ సంగతే. ఒక్కడైనా చివరిదాకా విని ఉంటే నేనెప్పుడో మానేసేవాణ్ణి.

తొంభైల చివర్లో మా కంపెనీ రెండు చోట్ల ఉండేది. చందానగర్‌లో ఒక ఇంటి కింది వాటాలో పెద్ద స్కానర్ ఉండేది. పాత భవనాల ప్లాన్లను, దుప్పట్లంత కాగితాలను, అందులో దూర్చి బొమ్మలుగా మార్చేవాళ్ళు. ఆ బొమ్మల మీద మళ్ళీ గీతలు గీసే మేము మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో కూర్చునేవాళ్ళం. ఫోను లైను మీద ఆ బొమ్మలు పంపడం కుదిరే పని కాదు. అందుకని ఇటుకంత పోర్టబుల్ హార్డ్ డిస్కు ఒకటి కొన్నారు. స్కానర్ దగ్గర పనిచేసే అక్క రోజూ పొద్దున్నే దాన్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చేది. దారిలో గుంత వస్తే డ్రైవర్‌ని అదిలించేదట: "జర మెల్లగ పోనియ్ అన్నా, ఒళ్లె ఆఫీసున్నది."

డిస్కు వచ్చాక అసలు బాధ మొదలయ్యేది. దానితోపాటు వచ్చిన కేబుల్ కంప్యూటర్ వెనక ప్రింటర్ తగిలించే చోట తగులుకునేది. అందులోంచి బొమ్మలు నత్తల్లా దిగేవి. గీతలు గీయాల్సినవాళ్ళంతా భోజనాల వేళ దాకా అంత్యాక్షరి ఆడుకునేవాళ్ళు. నేను మాత్రం డిస్కు వెనక వైపు చూశాను. అక్కడున్నది ప్రింటర్ కోసం చేసిన నోరు కాదు. వెడల్పాటి స్కజీ నోరు, అంటే డిస్కు కంప్యూటర్‌తో నేరుగా, వేగంగా మాట్లాడుకోవడానికి చేసింది. ప్రింటర్ కేబుల్ మధ్యలో దుబాసీలాగా కూర్చుని ప్రతి మాటనూ నెమ్మదిగా తిప్పి చెబుతోంది, అంతే. మా దగ్గరున్న ఒక పాత కంప్యూటర్‌కు కూడా వెనక సరిగ్గా అలాంటి నోరే ఉంది, ఎవరూ వాడక దుమ్ము పట్టి ఉంది. రెండిటినీ నేరుగా కలిపే కేబుల్ ఒకటి తెస్తే చాలు.

మేనేజర్ గారితో చెప్పాను. ఆయన కమలాపండు వలుచుకుంటూ, "చూద్దామండీ" అన్నారు. ఆ పండులో ఒక్క తొన కూడా ఇవ్వలేదు, అది వేరే సంగతి. ఇంకోసారి చెబుతుంటే నా భుజం మీదుగా ఎవరితోనో మాట్లాడారు. తర్వాత మీటింగు పెట్టి, పని వేగం పెరగాలంటే ఏం చెయ్యాలో చెప్పమని తలుపు దగ్గరి నుంచి వరసగా ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. నా దాకా వచ్చి, నా వెనక గోడ మీది క్యాలెండర్ చూసి, "సరే, ఇక లేద్దామండీ" అన్నారు. ఆ క్యాలెండర్ మీద ఏ బొమ్మ ఉందో నాకిప్పటికీ గుర్తే. కలువపూలు.

అంతలో మాకు పని ఇచ్చే పెద్దమనిషి ఆ శుక్రవారం బొంబాయి నుంచి వస్తున్నాడని తెలిసింది. పని ఎలా సాగుతుందో కళ్ళారా చూసి, తర్వాతి పని ఇవ్వాలో వద్దో తేలుస్తాడట. ఆయన ముందు అంత్యాక్షరి ఆడితే బాగుండదు. మేనేజర్ గారు నా బల్ల దగ్గరికొచ్చి, నా మొహం కాకుండా కీబోర్డు చూస్తూ, "ఏదో కేబుల్ అన్నారుగా, తెచ్చెయ్యండి" అన్నారు.

సికింద్రాబాదులో కంప్యూటర్ సామాన్లమ్మే కొట్టుకు వెళ్ళాను. దుకాణందారు రెండు కేబుళ్ళు నా ముందు పడేశాడు. ఒకటి కొండచిలువలా చుట్టలు చుట్టుకుని, తళతళా మెరుస్తోంది. రెండోది మూరెడు కూడా లేదు, బూడిద రంగు.

"పొడుగుది తీస్కోండి సార్, మస్తుంటది. అందరు గదే తీస్కపోతున్నరు."

"పొట్టిదివ్వు."

"గా పొట్టిదా? దాన్ని ఎవ్వలడగరు సార్. రోజు దుమ్ము దులిపి మల్ల పెడుతున్న."

"అదే కావాలి."

"ఇగ మీ ఇష్టం. రేపొచ్చి అందుతలేదంటే మాత్రం వాపస్ తీస్కోను."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సంచిలో చెయ్యి పెట్టి దాన్ని తడుముకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను. పక్కసీటాయన లేచి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

శుక్రవారం పొద్దున సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. అందరూ గుమిగూడారు. మేనేజర్ గారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఇదేంటండీ, ఇంత పొట్టిదా? ఎవరండీ తెచ్చింది?"

ఎన్ని వేళ్ళున్నాయో అన్నీ నా వైపు తిరిగాయి. గుర్తుపెట్టుకోండి, ఎవరికీ ఒక్క క్షణం కూడా సందేహం రాలేదు.

"తమ్మీ, గిది కేబులా, తోకనా?" అంది అక్క. ఆఫీసంతా గొల్లుమంది.

నేను ఓపికగా చెప్పాను. పొడవు పెరిగిన కొద్దీ దారిలో తప్పులు దొర్లుతాయి, తప్పు దొర్లిందల్లా మళ్ళీ పంపాలి, కాబట్టి పొట్టిదే మేలు. మేనేజర్ గారు చేతి గడియారం చూసుకుంటున్నారు. బల్ల మీది డిస్కు దాకా కేబుల్ అందలేదు నిజమే. కంప్యూటర్ వెనకాల స్టూలు వేసి, దాని మీద టెలిఫోన్ డైరెక్టరీలు పేర్చి, డిస్కును ఆ సింహాసనం మీద కూర్చోబెట్టే పనిలో పడ్డాను.

మా ఆఫీసులో ఏ కొత్త వస్తువు వచ్చినా పసుపు కుంకుమ పెట్టందే వాడేవాళ్ళం కాదు. ఫ్యాక్సు మిషనుకూ పెట్టాం, వాటర్ ఫిల్టరుకూ పెట్టాం. ఆ పని అక్కది. నేను స్టూలు సర్దుతుండగా ఆమె కేబుల్ చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని తన పని తను చేసి, నా చేతికిచ్చింది. చూడకుండానే తగిలించి, కంప్యూటర్ ఆన్ చేశాను.

డిస్కు కనబడలేదు. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. అయినా లేదు.

"నేననుకుంటూనే ఉన్నానండీ," అన్నారు మేనేజర్ గారు. "ఆయన వచ్చే వేళవుతోంది. పాతదే పెట్టెయ్యండి."

"పెట్టను."

"ఏంటండీ?"

"పెట్టనంటే పెట్టనండి."

కంప్యూటర్ ఆపి కేబుల్ పీకి చూశాను. పిన్నులున్న నోటి నిండా పసుపు ముద్ద, మధ్యలో చక్కటి కుంకుమ.

"అక్కా! బొట్టు ఎక్కడ పెట్టావు?"

"మొహానికే పెట్టిన."

"కేబుల్‌కు మొహమేంటక్కా?"

"పండ్లున్న దిక్కు మొహం గాకుంటే మరేంది? మనిషికి గట్లనే ఉంటది గద!"

ముందు నేనే నవ్వాను. తర్వాత అక్క. తర్వాత ఇక ఎవరినీ ఆపలేకపోయాం. టేపు రికార్డరు తుడిచే స్పిరిట్ దొరికింది, బొమ్మలకు రంగులేసే సన్నటి కుంచె దొరికింది. నేను ఒక్కొక్క పన్నూ తోముతుంటే అక్క టేబుల్ ఫ్యాను ఎత్తి పట్టుకుని, "తల్లీ, ఏమనుకోకు, ఇగ నీకు నుదుటికే పెడత" అని తల వంచి కేబుల్‌కు మొక్కింది. పూర్తిగా ఆరాక తగిలించి ఆన్ చేశాను.

డిస్కు కనబడింది. బొమ్మల ఫోల్డరును కంప్యూటర్‌లోకి కాపీ చేయమన్నాను. తెర మీద నీలం గీత పరిగెత్తింది. పాకడం చూసీ చూసీ అలవాటైన కళ్ళకు అది పరుగులా కూడా అనిపించలేదు, ఏదో తప్పు జరిగిందనిపించింది. అక్క ఇంకా టీ ఊదుకుంటూనే ఉంది, కాపీ అయిపోయింది.

ఆఫీసంతా ఒకటే కేక. "మోసం! మల్ల చెయ్!" అంది అక్క. చెరిపేసి మళ్ళీ కాపీ చేశాను. మళ్ళీ. ఒకతను లిఫ్టు దాకా పరిగెత్తి తిరిగొచ్చేలోపు కాపీ కాదని పందెం కాశాడు, ఓడాడు, నమ్మక మళ్ళీ పరిగెత్తాడు. పక్క ఆఫీసు వాళ్ళు ఏదో కొట్లాటనుకుని వచ్చి, వాళ్ళూ చప్పట్లు కొట్టారు. మేనేజర్ గారు టై భుజం మీదికి విసురుకుని రెండు గంతులు వేశారు, నా కళ్ళతో చూశాను. నాకు నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. చుక్క ముట్టకుండా అంత మత్తు నాకు మళ్ళీ ఎప్పుడూ ఎక్కలేదు.

బొంబాయి పెద్దమనిషి వచ్చేసరికి అందరూ బుద్ధిగా గీతలు గీస్తున్నారు. ఆయన స్టూలునూ డైరెక్టరీలనూ చూసి, కేబుల్ ఎందుకు ఇంత పొట్టిగా ఉందని ఇంగ్లీషులో అడిగాడు. నేను నోరు తెరవబోయాను, కానీ ఎక్కిళ్ళు ఇంకా తగ్గలేదు. మేనేజర్ గారు ముందుకొచ్చి, పొడవు పెరిగితే తప్పులు పెరుగుతాయని, అందుకే వెతికి మరీ పొట్టిది పెట్టామని చెప్పారు. అక్షరం పొల్లుపోలేదు. అంటే గడియారం చూసుకుంటూ నేను చెప్పిందంతా విన్నారన్నమాట! "పెట్టాం" అట. పెద్దమనిషి ఆయనకు షేక్ హ్యాండిచ్చి, తాగేసిన టీ కప్పు నా చేతికిచ్చాడు.

తర్వాతి పని మాకే వచ్చింది. ఆ సంతోషంలో అప్పటికి ఊరుకున్నాను. కానీ పోయిన నెల పుప్పాలగూడలో మేనేజర్ గారి ఫ్లాటులో పాతవాళ్ళమంతా కలిసినప్పుడు ఆయన ఆ కథ మొత్తం చెప్పారు. పసుపు, పళ్ళు, స్టూలు, లిఫ్టు దాకా పరుగు, అన్నీ. తన గంతులు తప్ప. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, ఒప్పుకుంటాను. కానీ ఆయన కథలో, "అప్పుడొక కేబుల్ వచ్చిందండీ." వచ్చిందట! దానంతటది సికింద్రాబాదులో బస్సెక్కి వచ్చిందా?

"ఎవరు తెచ్చారు సార్?" అని అందరి ముందూ అడిగాను.

"లడ్డూ తీసుకోండి," అన్నారాయన.

తీసుకున్నాను. బాగుంది. కానీ లడ్డూ జవాబు కాదు. సార్, పొట్టిగా ఉందని తెలిసిన క్షణంలో "ఎవరండీ తెచ్చింది" అని అడిగారు, జవాబు కూడా అప్పటికప్పుడే దొరికింది. అది పరిగెత్తాక ఆ మాట ఎందుకడగలేదు? వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. స్వీట్లేమీ వద్దు. నా మొహం చూసి జవాబు చెప్పండి.