రెండోసారి కలిపిన పేర్లు

మా ఆఫీసులో ఆమెను అందరం ‘మళ్ళీ చూద్దాం’ అనే పిలిచేవాళ్ళం. రాసిన ప్రోగ్రాం బ్రహ్మాండంగా నడుస్తున్నా సరే, “మళ్ళీ చూద్దామండీ” అంటూ మా ప్రాణం తీసేది. ఇళ్ళ లాటరీ ప్రోగ్రాం ఆమె చేతికే వచ్చింది. దరఖాస్తుదారుల పేర్లను కంప్యూటర్ కలగాపులగం చెయ్యాలి. పైన వచ్చినవాళ్ళకు ఇళ్ళు ఉన్నంతవరకు ఇస్తారు.

ఆ పేర్లలో ఆమె అక్క పేరూ ఉంది. ఆ సంగతి ముందే మేనేజరుకు చెప్పింది. “యంత్రానికి అక్కాచెల్లెళ్ళు తెలుస్తారా ఏంటమ్మా?” అని ఆయన నవ్వేశాడు. అక్కది ఇద్దరు పిల్లలతో ఒంటిగది కాపురం. వానొస్తే మంచం ఎటు జరపాలో తెలియదు.

ప్రోగ్రాంను పరీక్షించేటప్పుడు పేర్లు ప్రతిసారీ ఒకేలా కలిసేలా కోడ్‌లో ఓ అంకె బిగిస్తాం. తప్పుంటే మళ్ళీ అదే తప్పు కనబడాలి కదా. ఆ అంకెతో అక్క పేరే మొదట వచ్చేది. “పరీక్షలో వచ్చి ఏం లాభంలే” అని నవ్వుకునేది. పని అయ్యాక అంకె తీసేసింది కూడా. లాటరీ రోజు ఉదయం మళ్ళీ చూద్దామని ఆ అంకె పెట్టింది, హడావుడిలో తీయడం మరిచిపోయింది.

హాల్లో బటన్ నొక్కారు. తెర మీద మొదటి పేరు అక్కదే. దాని కింద ఆమెకు కంఠతా వచ్చిన వరసే.

“ఒసేయ్, మనకు ఇల్లొచ్చిందే!” అని అక్క వచ్చి వాటేసుకుంది.

ఉదయం పెట్టిన అంకె తీయలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరైనా కోడ్ తెరిస్తే ఇంకేముంది, అక్క కోసం చెల్లెలు చేసిన మోసమంటారు. నా పక్కనే నిలబడ్డ ఆమె మేనేజరు వైపు తిరిగింది.

“సార్, ఇది చెల్లదు. తప్పు నాదే. మళ్ళీ కలపాలి,” అంది.

హాలంతా గోలెత్తింది. అంకె తీసేశారు. “పర్లేదులేవే, మళ్ళీ వస్తుందిలే,” అని అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

అసలు భయం అప్పుడు పట్టుకుందట, తర్వాత నాతో చెప్పింది. నిజంగానే మళ్ళీ అక్క పేరొస్తే ఎవరు నమ్ముతారు? ఉద్యోగం పోతుంది, పోలీసులొస్తారు. బుద్ధెరిగాక మొదటిసారి, అక్కకు మంచి జరగకూడదని మొక్కుకుంది.

పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఆఖరి ఇల్లు కూడా ఎవరికో వెళ్ళిపోయింది.

“హమ్మయ్య,” అంది, పైకే.

అక్క ఆమె భుజం మీది చెయ్యి తీసేసింది.