నేను మింగేసిన మాట

డెబ్బైలలో మా అమ్మ నర్సీపట్నం మిషన్ బంగళాలో వంట చేసేది. అక్కడ ఒక ముసలి దొరసానిగారు ఉండేవారు. యూరప్‌లో ఎక్కడో వాళ్ల నాన్నగారు రాజు. యుద్ధంలో రాజ్యం పోతే చిన్నతనంలోనే ఇల్లు వదిలి, దేశాలు తిరిగి, చివరికి నర్సుగా మా ఊరు చేరారు.

"రాజుగారి కూతురట! సీరకి కుచ్చిళ్లు మాత్రం నేనే పెట్టాలి," అని అమ్మ ఆవిడ ఎదుటే అనేది.

"బేగి పెట్టవే, ప్రార్థనకి గుడి గంట కొట్టేత్తన్నారు," అని ఆవిడ నవ్వేవారు. తెలుగంతా మా ఆడవాళ్ల దగ్గరే నేర్చుకున్నారు మరి.

పోలియో వచ్చి నా కాలు సన్నబడిపోవడంతో నన్ను బడికి పంపలేదు. దేవుని కృప, నాకు పలక పట్టించింది ఆవిడే. ఆవిడకు 'ణ' పలికేది కాదు. నాకు ఇప్పటికీ సరిగా పలకదు.

రోజూ మధ్యాహ్నం వంటింటి గుమ్మం దగ్గర చాప మీద పాఠం, ఆ తర్వాత పరలోక ప్రార్థన. అందులో రాజ్యం రావాలని అడిగే చోట ఆవిడ గొంతు వణికేది. తన రాజ్యమే తిరిగి ఇమ్మంటున్నారని నేను గట్టిగా నమ్మాను. అది వస్తే ఆవిడ వెళ్లిపోతారు. ఇక నాకు చదువు ఉండదు. అందుకే అక్కడికి రాగానే పెదవులు కదిపి మాట మింగేసేదాన్ని.

ఒకరోజు ఉత్తరం వచ్చింది. రాజకుటుంబం వాళ్లు ఇక తిరిగి రావచ్చట. ఆ మధ్యాహ్నం ప్రార్థన మొత్తం మింగేశాను.

"ఏటే, నోరు పడిపోయిందా?"

"మీ రాజ్యం వచ్చేసింది కదండీ. నేను అడగనేదు. ఒక్కరోజూ అడగనేదు," అని బావురుమన్నాను.

ఆవిడకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

"ఓసి పిచ్చిదానా! ఆ రాజ్యం దేవుడిది, మా నాన్నది కాదు. ఈ ప్రార్థన మా అమ్మ నేర్పింది. అక్కడికి వచ్చేసరికి ఆవిడ గుర్తొత్తాది, అంతే."

"మరి ఎల్లిపోరా?"

"ఎల్తాను. అమ్మ సమాధి సూసి వచ్చేత్తాను. ఈలోగా నువ్వు పలక మానకు."

వెళ్లారు. ఆ రెండు నెలలూ రోజూ అదే చాప మీద ఒక్కదాన్నే కూర్చుని, ఆ మాట పక్కింటికి వినపడేలా పలికాను. పాత బాకీ కూడా తీరాలి కదా.

తిరిగొచ్చిన రోజు ప్రయాణపు గౌను తీసేసి, చీర పట్టుకుని అమ్మ ముందు నిలబడ్డారు. అమ్మ ఏడుస్తూనే కుచ్చిళ్లు పెట్టింది. తర్వాత ఆవిడ చాప మీద కూర్చుని చెయ్యి చాపారు.

"ఏదీ, పలక సూపించు."