జలుబు గొంతు డబ్బా

మా బావ పళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టరుగారి గది వెనకాల ఇరుకు గదిలో కూర్చుని, సుద్దతో పోసిన దవడల మీద మైనం పరిచి, ఆ మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చుతూ ఊళ్ళో సగంమంది నవ్వులు తయారుచేస్తాడు. ఆ గదిలో గోడ పొడవునా ఒక అర, దాని నిండా నోళ్ళు తెరుచుకున్న తెల్లటి దవడలు. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె గుభేలుమంది. ఇప్పుడు వాటి పక్కనే నా టీ గ్లాసు పెట్టుకుంటున్నాను.

వారమంతా ఊపిరి బిగబట్టి ఇంత సున్నితమైన పనిచేసే మనిషి, సెలవు దొరికితే చాలు, మెడలో గిటారు తగిలించుకుని మెటల్ వాయిస్తాడు. మెటల్ అంటే తెలియనివాళ్ళకి ఎలా చెప్పను? ఇనప సామాను మేడ మెట్ల మీదుగా దొర్లుతున్నట్టుంటుంది, కాకపోతే తాళం తప్పకుండా దొర్లుతుంది. ఆస్పత్రులకు ఉతికిన దుప్పట్లు చేరవేసే వ్యాను నాది. ఆ దుప్పట్ల మధ్యనే బ్యాండు సామాను కూడా మోస్తాను. అక్కనిచ్చాం, వ్యాను కూడా ఇచ్చాం, ఇంకేమైనా మిగిలిందా అని అడిగితే బావ నవ్వి ఊరుకుంటాడు.

నాకు ప్రశ్నలెక్కువ. అక్క నన్ను చిన్నప్పటినుంచీ ‘తనిఖీ’ అనే పిలుస్తుంది. పాత హెడ్డు కాలిపోయి, బావ కొత్తది వెతకడం మొదలుపెట్టగానే ఆయన బుర్ర తినేశాను. హెడ్డంటే ఏమిటి? గిటారు తీగ మీది చిన్న చప్పుడుని పట్టి, పెంచి, గరగరలాడేలా నలిపి, కింద ఉన్న స్పీకర్ల పెట్టెలోకి పంపే డబ్బా. నలపడం ఎందుకు? నలపకపోతే అది మెటల్ కాదట. ఎంత నలపాలో చెప్పే మీటని గెయిన్ అంటారు. ఎంత నలపాలి మరి? అక్కడే ఉంది తంటా అంతా అన్నాడు బావ.

నిజం చెప్పాలంటే ఆ పాత హెడ్డు పోయిందని ఎవరూ కంటతడి పెట్టలేదు. అది బాగున్న రోజుల్లో కూడా బావ గిటారు ఎవరికీ వినపడలేదు. అక్క ఒకసారి చెవుల్లో దూది పెట్టుకుని చూడటానికి వచ్చింది. చాలాసేపు బుద్ధిగా విని, నా చెవి దగ్గరకు వంగి, “ఇందులో మీ బావది ఏదిరా?” అని అడిగింది. నేనూ అదే వెతుకుతున్నానని చెప్పాను.

బ్యాండులో డ్రమ్ములు వాయించే అమ్మాయి పిల్లలకు ఈత నేర్పుతుంది. నీళ్ళ అవతలి ఒడ్డుకు వినపడేలా మాట్లాడటం అలవాటు, దాపరికం తెలీదు. పాత మిల్లు హాల్లో వాయించే అవకాశం వచ్చిందని చెప్పిన రోజునే ఆ మాటా చెప్పేసింది.

“అన్నా, నిన్ను నొప్పించాలని కాదు. పోయిన రెండుసార్లూ జనం నా దగ్గరకొచ్చి, ఆ గిటారాయన ఊరికే నిలబడ్డాడేంటి అని అడిగారు. మిల్లు హాల్లో కూడా నువ్వు వినపడకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం.”

బావ వచ్చి వ్యానెక్కాడు. నలభై ఎప్పుడో దాటేశాడు, ఊళ్ళో ఈ సంగీతం వాయించేవాళ్ళంతా కుర్రకారు. ఈ బ్యాండు పోతే ఆయన గిటారు ఇక గోడ మేకుకే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఆ అమ్మాయి మీద ఒళ్ళు మండింది గానీ, ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏదీ దొరకలేదు.

వాద్యాల దుకాణం ఆవిడ కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చి, మనిషిని ఆపాదమస్తకం చూశాకే తాళం తీసే రకం. మమ్మల్ని గోడలకు తివాచీ అంటించిన గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ నల్లగా, బీరువా తమ్ముడిలా ఒక హెడ్డు, లోపల వాల్వులనే గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతున్నాయి. బావ కూర్చుని మీటలు తిప్పాడు. అడుగు స్వరాల మీట పైకి, పై స్వరాల మీట పైకి, నడిమి స్వరాలది పూర్తిగా కిందకి, గెయిన్ ఎంత పోతే అంత. ఒక్క దెబ్బ కొట్టాడు. నా ప్యాంటు కాళ్ళు రెపరెపలాడాయి. నేను నోరెళ్ళబెట్టాను.

“ఇదిరా,” అన్నాడు బావ. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

ఇంకా రెండున్నాయి, అవీ చూడండి అంది ఆవిడ. ఒకటి ఫరవాలేదు. చివరిది కింది అరలో ఉన్న చిన్న గోధుమరంగు డబ్బా. బావ ఒకసారి మీటి, మొహం చిట్లించాడు.

“ఏంటండీ, దీనికి జలుబు చేసినట్టుంది.”

“అందరూ అదే అంటారు. అందుకే కింది అరలో ఉంది,” అందావిడ.

నల్లదాన్ని వాయించి చూసుకోవడానికి ఇచ్చి పంపింది. ఇంటి దగ్గర బావ గాల్లో తేలాడు. అక్క వంటింట్లో గిన్నెలు వణుకుతున్నాయని గోల పెట్టింది, అయినా బావ చెవిన పడలేదు.

బ్యాండు వాయించుకునేది టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో. ఆ సాయంత్రం నల్లహెడ్డుని నేనే మోసుకెళ్ళి పెట్టాను, నడుము విరిగినంత పనయింది. ఆ అమ్మాయి డ్రమ్ములందుకుంది. అడుగు స్వరాలు పలికే బేస్ గిటారుతో లిఫ్టు మెకానిక్ అందుకున్నాడు. బావ అందుకున్నాడు. చెయ్యి కదులుతోంది. చప్పుడు లేదు. గోడ దాకా వెళ్ళి నిలబడ్డాను, అక్కడా లేదు. ఎవరో దూరంగా చాప దులుపుతున్నట్టు ఒక గుసగుస, అంతే. బావ శబ్దం పెంచాడు. గుసగుస పెద్దదైంది గానీ గిటారు రాలేదు. ప్యాంటు కాళ్ళు ఎగరేసిన ఆ ఉరుము ఎక్కడికి పోయింది? నాకు భయం కంటే ముందు ఆశ్చర్యమే వేసింది.

ఆ అమ్మాయి వాయించడం ఆపి, చెమట తుడుచుకుని, కర్రలు సంచిలో వేసుకుంది.

“డబ్బా తప్పు కాదురా. నా చెయ్యే మొద్దుబారింది,” అన్నాడు బావ తిరుగుదారిలో. “మిల్లు హాలు దాకా ఎందుకు, ముందే తప్పుకుంటే వాళ్ళకి మర్యాదగా ఉంటుంది.”

నాకు దుఃఖం వచ్చింది. దాన్ని దాచుకోవడానికి ముందు వెళ్ళే బస్సుని తిట్టాను.

మర్నాడు దుప్పట్లు దించేసి ఆయన గదికి వెళ్ళాను. వెళ్ళేసరికి పని మధ్యలో ఉన్నాడు. ఇత్తడి స్టాండుకి పై దవడా కింది దవడా బిగించి ఉన్నాయి, నోరులాగే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మైనంలో పళ్ళు ముత్యాల్లా కూర్చున్నాయి. డాక్టరుగారు లోపలికి పిలిస్తే వాటిని పట్టుకెళ్ళాడు. కుర్చీలో ఒక పెద్దావిడ. పళ్ళు నోట్లో పెట్టుకుని, “సరేనా?” అనబోతే ఈల వచ్చింది. బావ నవ్వలేదు. పళ్ళు తీసుకొచ్చి, ముందరి పన్నుని వేడి కత్తితో కాస్త పక్కకి జరిపి మళ్ళీ ఇచ్చాడు. స్టాండు మీద అది వంకరగా కనిపించింది. ఆవిడ నోట్లో మాత్రం పుట్టుకతో వచ్చినట్టుంది, ఈల కూడా పోయింది.

నా తనిఖీ బుద్ధి ఊరుకుంటుందా?

“స్టాండు మీద అంత చక్కగా ఉన్నాయిగా బావా, మళ్ళీ నోట్లో పెట్టి చూడటమెందుకు?”

“నోరు వేరు, స్టాండు వేరురా. పెదవి ఉంటుంది, నాలుక ఉంటుంది. నోట్లో చూడకుండా పళ్ళు ఎవడైనా ఇస్తాడా?”

“మరి డబ్బాని తివాచీ గదిలోనే చూసి ఎందుకు తెచ్చావు?”

బావ కత్తి కింద పెట్టాడు. నన్ను చూశాడు, అర మీది దవడలన్నిటినీ చూశాడు. “నువ్వు ఇంతకాలం అడిగిన ప్రశ్నలన్నీ దండగనుకున్నానురా,” అన్నాడు.

హెడ్లన్నీ ఒకేసారి షెడ్డుకి పంపమంటే దుకాణం ఆవిడ ఒంటికాలి మీద లేచింది. బావ బతిమాలి, పళ్ళ కథంతా చెప్పాడు. ఆవిడ కళ్ళద్దాలు పైకి జరుపుకుని, “అయితే నేనూ వస్తాను, నాకూ చూడాలనుంది,” అంది. వ్యానులో దుప్పట్ల మీద హెడ్లు, ముందు సీట్లో ఆవిడ.

డ్రమ్ములూ బేసూ ఆపకుండా వాయించాలి, బావ హెడ్లు మారుస్తూ పోవాలి, నేను గోడ దగ్గర వెనక్కి తిరిగి నిలబడి గిటారు వినపడితే చెయ్యెత్తాలి. అదీ ఏర్పాటు. నల్లదానికి నా చెయ్యి లేవలేదు. రెండోదానికి సగం లేచింది. తర్వాత కొంచెం ఖాళీ. ఆపైన ఒక గొంతు, ముక్కుతో మాట్లాడుతున్నట్టు, గరుకుగా, మాట మాట విడివిడిగా వచ్చి నా వీపుకి తగిలింది. చెయ్యి దానంతటదే లేచింది. తిరిగి చూస్తే ఆ జలుబు డబ్బా.

లిఫ్టు మెకానిక్ అప్పుడు నోరు తెరిచాడు, అతను మాట్లాడటం అదే వినడం. “అడుగంతా నాది. పైనంతా డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి తాళాలది. ఖాళీ ఉన్నది మధ్యలోనే. నువ్వేమో ఆ మధ్యనే తీసేసి వాయిస్తున్నావు.”

అయితే నల్లదాంట్లో కూడా నడిమి మీట పెంచితే సరిపోదా అని అడిగాను. పెంచి చూశారు. కొంత నయం, కానీ దాని గొంతే అడుగున పుట్టింది. గోధుమరంగు దానికి బావ గెయిన్ కూడా సగానికి దించేశాడు. తక్కువ నలిపితే ఇంకా ఎక్కువ కరిచింది. అలా ఎందుకో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. డ్రమ్ముల అమ్మాయి వాయిస్తూనే బావ వైపు తల తిప్పింది. ఆయన ఉన్నచోటికి ఆమె చూడటం నేనెప్పుడూ ఎరగను.

“హాల్లో చూద్దాం అన్నా,” అంది చివర్లో. అంతకంటే మెత్తబడలేదు.

ఆ జలుబు డబ్బానే కొన్నాడు బావ. ఇంట్లో ఒంటరిగా వింటే దాన్ని నిజంగానే భరించలేం. “ఇన్నాళ్ళు వెతికి తెచ్చింది ఈ రొంపనా?” అని అక్క రోజూ సాధించింది. బావ నవ్వుకుంటూ వాయించుకున్నాడు.

మిల్లు హాలు రోజున సామాను ముందే దించేసి, అక్కని తీసుకురావడానికి వెళ్ళాను. ఆస్పత్రివాళ్ళు దుప్పట్లు కావాలని దారిలో పట్టుకున్నారు. మేం చేరేసరికి ఆలస్యమైంది, హాలు తలుపులు మూసేశారు. వ్యాను ఆవరణ చివర ఆపాను. లోపలినుంచి గోడలు అదిరే మోత. అక్క పర్సులోంచి దూది తీసి రెండు ఉండలు చేస్తూ నడుస్తోంది. లోపల గిటారు వినపడకపోతే బావ మొహం ఎలా చూడాలి?

అక్క ఉన్నట్టుండి ఆగింది.

“మీ బావ,” అంది.

“ఏది?”

“అదుగోరా, ఆ జలుబు గొంతు. రోజూ తిట్టుకుంటున్నదాన్ని, నాకు తెలీదా?”

అప్పుడు నాకూ వినపడింది, మూసిన తలుపుల్లోంచి, మాట మాట విడివిడిగా. అక్క దూది ఉండలు మళ్ళీ పర్సులో వేసుకుని నాకంటే ముందు నడిచింది.