ఖాళీ బెంచీల సారు

“ఖాళీ బెంచీలకు పాఠమేంది ఆత్మారాం సాబ్? బోధన్ ఊరంత నవ్వుతున్నది.”

“నవ్వేటోళ్లను గూడ రమ్మనండి. జాగ ఉన్నది.”

“రేపటి సంది ఆ గదికి తాళం.”

పందొమ్మిది వందల అరవై నాలుగు చలికాలం. ప్రిన్సిపాల్ బాపురావు గదిలో ఈ పంచాయితీ నడుస్తుంటే, చదువు మానేసి సర్టిఫికెట్లు పట్టుకుపోదామని వచ్చిన నేను తలుపు బయట నిలబడి ఉన్నాను.

మా ఎకనామిక్స్ లెక్చరర్ ఆత్మారాం సారుకు ఉన్నది ఒక్కటే పిచ్చి. పిల్లలు లేకున్నా పాఠం చెప్తాడు. చెప్తే చెప్పాడు, ప్రశ్న కూడా అడుగుతాడు. అడిగి, జవాబు కోసం ఆగుతాడు. కాసేపటికి ‘షాబాష్’ అంటాడు.

చెరకు కోతలు మొదలైతే పల్లె పిల్లలు బండ్ల వెంట పోయేవారు. బస్తీ పిల్లలు చలికి లేచేవారు కాదు. సారు మాత్రం పొద్దున్నే మేడమీది మూలగదిలో కిటికీలన్నీ బార్లా తెరిచి గొంతెత్తేవాడు.

ఊడ్చే నాగవ్వ ఆ మెట్లెక్కడం మానేసింది. “గదిల నరమానవుడు లేడు బిడ్డా. సారు అడుగుతడు, జవాబొస్తది. ఎక్కడికెల్లొస్తదో మైసమ్మకే ఎరుక,” అని నాతో గుసగుసగా చెప్పింది. గుమ్మానికి నిమ్మకాయ కూడా కట్టింది. సారు దాన్ని మధ్యాహ్నం పప్పులో పిండుకున్నాడు.

నాకు చదువు ఎక్కలేదు. కాలేజీలో నేర్చిన విద్య ఒక్కటే, తల ఊపడం. లెక్చరర్ ఇటు చూస్తే చాలు, ఊపేవాణ్ని. అలా ఊపుతూనే రెండుసార్లు ఫెయిలయ్యాను. ఇక చాలనుకున్నాను.

మర్నాడే మా నాయన చెరకుబండి పగ్గాలు నా చేతికిచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర మొదలైన బండ్ల బారు కాలేజీ గోడ దాకా, మూలగది కిటికీల కింది దాకా ఉంది. పొగమంచులో నా ఎడ్ల కొమ్ములు నాకే కనబడటం లేదు. ఆగిన ఎడ్ల మెడల్లో ఒక్క గంట కూడా మోగడం లేదు.

అప్పుడు పైనుంచి గొంతు వినబడింది.

“పంటంత ఒక్కసారే బజారుకొస్తే ధర ఏమైతది?”

తలెత్తి చూస్తే మంచే. ఆ గదికి తాళం పడిందని నాకు తెలుసు.

మంచులోంచి ఎవడో, “పడతది సార్,” అన్నాడు. వెనక ఇంకెవడో, “ఎండకముందే అమ్మకుంటే ఇంక పడతది,” అన్నాడు.

“షాబాష్. ఎర్రన్నా, ఎందుకు పడతదో నువ్వు చెప్పు.”

ఎర్రన్న అంటే నేనే. భయంతో, అలవాటు కొద్దీ తల ఊపాను.

“నీ అలవాటు నాకెరుక. ఊపుడు కాదు. చెప్పు.”

మంచు కొంచెం పలచబడింది. ముందున్న లింబయ్య బండిలో, చెరకు మోపుల మీద, కోటు, మఫ్లర్ వేసుకుని సారు నిలబడి ఉన్నాడు. చుట్టూ బండ్ల మీద నా క్లాసువాళ్లే, గొంగళ్లు కప్పుకుని. ఇన్నాళ్లూ ఆ కిటికీలు ఎందుకు తెరిచి ఉండేవో, నాగవ్వ విన్న జవాబులు ఎక్కడివో అప్పుడు తెలిసింది.

“నేను చదువు బందు చేసిన సార్,” అన్నాను.

“గది గూడ బందైంది. పాఠం బందైందా?”

అంతలో లింబయ్య బండి కాటా వైపు కదిలింది. సారు కిందికి దూకి, కోటుకంటిన చెరకాకు దులుపుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

“నీ బండి మీద నాకు జర జాగ ఇయ్యి ఎర్రన్నా. ఎడ్లు తల ఊపితే ఊపనియ్యి. సమజ్ కాకుంటే నువ్వు మాత్రం ఊపకు.”